పెదనాన్న తూచే డబ్బాలు

మా పెదనాన్నకి ఎదుటివాళ్ళ లంచ్ డబ్బా కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. అందుకుని, ఎత్తి, చెవి దగ్గర ఒకసారి ఆడించి గానీ తిరిగివ్వడు. తెలిసినవాళ్ళా, తెలియనివాళ్ళా అన్న పట్టింపే లేదు. ఒకసారి బ్యాంకు కిటికీలోంచి చెయ్యి పెట్టి క్యాషియరమ్మ డబ్బా ఎత్తబోయి కాపలావాడికి దొరికిపోయాడు. "డబ్బు జోలికి పోలేదయ్యా, ఆవిడ అన్నం తిందో లేదో చూస్తున్నా" అన్నాడు. వాడు నమ్మలేదు. నేనైనా నమ్మను.

ఆయన ఐదంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడుపుతాడు. హ్యాండిల్ తిప్పితే కదిలే పాత లిఫ్టు. సాయంత్రం జనం దిగుతుంటే అందరి డబ్బాలూ ఆయన చేతిమీదుగా పోవాల్సిందే. తేలిగ్గా ఉంటే మంచి ఆఫీసు, బరువుగా ఉంటే చెడ్డ ఆఫీసు. అంతే ఆయన శాస్త్రం.

పెద్దమ్మ ఊరుకునేది కాదు. "ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క మెచ్చుకోలు కాగితం లేదు. వచ్చినవన్నీ మెమోలే!"

లిఫ్టు సాయంత్రంపూట తరచూ మధ్యలో ఆగిపోతోందని భవనం యజమాని ఇచ్చిన మెమోలవి. మొత్తం పదకొండు.

"ముసలి యంత్రం, నేనేం చెయ్యను?" అనేవాడు పెదనాన్న, అమాయకంగా.

నాకు బొమ్మలు వేసే ఉద్యోగాలు ఒకేసారి రెండొచ్చాయి, రెండూ ఆ భవనంలోనే. ఐదో అంతస్తులో ప్రకటనల కంపెనీ. గుమ్మంలోనే అద్దాల బీరువా, అందులో 'ఉత్తమ యాజమాన్యం' షీల్డులు తొమ్మిది. రెండో అంతస్తులో పిల్లల పుస్తకాల ఆఫీసు. అక్కడ గోడకి క్యాలెండరు తప్ప ఏమీ లేదు.

"రెండోది చేరు" అన్నాడు పెదనాన్న.

"తొమ్మిది షీల్డులు పెదనాన్నా!"

"షీల్డున్న వాళ్ళంతా చెడ్డవాళ్ళని నేననను. మూడో అంతస్తు వాళ్ళకీ ఒకటుంది, వాళ్ళ డబ్బాలు కడిగినట్టుంటాయి. కానీ షీల్డు ఏడాదికోసారి మాట్లాడుతుందే. డబ్బా రోజూ మాట్లాడుతుంది."

డబ్బాల మాట విని ఉద్యోగం వదులుకునేంత పిచ్చిదాన్ని కాదనుకుని ఐదో అంతస్తులో చేరాను. రెండో అంతస్తు మేనేజరమ్మ మాత్రం, "నెలాఖరుదాకా కుర్చీ ఖాళీగానే ఉంచుతానమ్మా, ఆలోచించుకో" అంది.

మొదటి వారంలోనే నా డబ్బా నిండుగా ఇంటికి రావడం మొదలైంది. రెండో వారం పదో షీల్డు కోసం అందరికీ ఫారాలు పంచారు. ఉద్యోగుల ఆనందం మీద ఇరవై నాలుగు పేజీలు, సరిగ్గా భోజనాలవేళ నింపి ఇవ్వాలట. 'భోజనానికి తగిన సమయం దొరుకుతోందా?' అన్న ప్రశ్న దగ్గర నా కడుపు గట్టిగా మూలిగింది. వెనకాల మేనేజరు నిలబడి ఉన్నాడు. 'చాలా తృప్తిగా' అన్న గడిలో టిక్కు పెట్టాను.

పెదనాన్న చేతికి డబ్బా చిక్కకూడదని రోజూ మెట్ల మీదుగానే దిగేదాన్ని. ఓడిపోయానని ఒప్పుకోవడానికి సిగ్గు. సరిగ్గా నెలాఖరు రోజున చెప్పు తెగింది. తప్పక లిఫ్టెక్కాను. మా అంతస్తు వాళ్ళే ఇంకో ముగ్గురున్నారు.

పెదనాన్న వరసగా డబ్బాలు ఎత్తాడు. ఒకటి, రెండు, మూడు. నాది ఎత్తి కాసేపు అలాగే పట్టుకున్నాడు. నాలుగు, మూడు అంతస్తుల మధ్య లిఫ్టు గట్టిగా కుదిపి ఆగిపోయింది.

"అయ్యో!" అన్నాన్నేను.

మిగతా ముగ్గురూ కంగారు పడకుండా కింద కూర్చుని డబ్బాలు విప్పారు. పెదనాన్న మంచినీళ్ళ సీసా తీసి మధ్యలో పెట్టాడు.

"పది నిమిషాలు పడుతుంది. నిదానంగా తినండి."

"రోజూ ఇలా ఆగుతుందా?" అని పక్కావిణ్ణి అడిగాను.

"మనం ఎక్కితేనే" అందావిడ నోట్లో ముద్దతో. "నాకు రెండు బస్సులు మారాలి. ఇల్లు చేరేసరికి ఎనిమిదవుతుంది. మీ పెదనాన్న లేకపోతే దారిలోనే పడిపోయేదాన్ని."

పెదనాన్న చెయ్యి హ్యాండిల్ మీదే ఉంది. పదకొండు మెమోలు తిన్న మనిషి, నా వంక చూడకుండా, లిఫ్టు కప్పుకేసి చూస్తున్నాడు. ఆయన మీద నాకు పట్టలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

"పెదనాన్నా, రెండో అంతస్తు మేనేజరమ్మ ఇంకా ఉంటుందా?"

"ఆరింటిదాకా ఉంటుంది."

"అయితే అక్కడ ఆపు. చేరతానని చెప్పాలి."

ఆయన మొహం వెలిగిపోయింది. హ్యాండిల్ మాత్రం కదల్లేదు.

"ఇంకా పావుగంట టైముంది. ముందు తిను. డబ్బా ఖాళీ అయితేనే ఈ లిఫ్టు కదిలేది."