గోడకు చదివిన పాఠం

బడులు తనిఖీ చేసే బృందంలో నా పేరు వచ్చిందని తెలిసిన రోజు నా కాళ్లు భూమ్మీద నిలవలేదు. ఇరవై ఏళ్లుగా నర్సాపూర్ దగ్గర ఒక చిన్న బడిలో పాఠాలు చెప్తున్నాను. అన్నేళ్లూ ఎవరో ఒకరు వచ్చి, నా క్లాసులో వెనక కూర్చుని, నా తప్పులు రాసుకుని పోయినవాళ్లే. ఇప్పుడు నా వంతు! గంజిపెట్టిన నూలు చీర కట్టాను, రెండు కొత్త పెన్నులు కొన్నాను, మెదక్ బస్సులో కిటికీ పక్క సీటు కోసం ఒకాయనతో పోట్లాడాను కూడా. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా?

బృందమంటే ఇద్దరమే. నేనూ, మా పెద్దసారూ. ఆయన ఒక హైస్కూలు హెడ్మాస్టరు. నవ్వితే జీతం కోస్తారేమో అన్నట్టు ఉంటాడు. మెదక్‌లో ఒక ప్రాథమిక పాఠశాల ముందు ఆటో దిగగానే నా చేతికి ఫారం ఇచ్చాడు.

"పెన్నుతోని రాయుండ్రి మేడం. కొట్టివేతలుండొద్దు. నేను రిజిస్టర్లు చూసి వస్త, మీరు మూడో తరగతి చూడుండ్రి."

బోధన ఎలా ఉంది, వెనకబడిన పిల్లలకు సాయం ఎలా అందుతోంది అని ఫారంలో గడులున్నాయి. మూడో తరగతి గుమ్మంలో అడుగుపెట్టి చూద్దును కదా, పిల్లలందరూ చాపల మీద కూర్చుని చదువుకుంటున్నారు, ఒక్క పిల్ల మాత్రం మూలన గోడకు మొహం పెట్టి కూర్చుంది. రెండు జడలూ, వంగిన వీపూ తప్ప ఇంకేమీ కనబడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ రోజుల్లో కూడా పసిపిల్లకు ఇదేం శిక్ష? నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. టీచరమ్మను ఒక్క మాటైనా అడగకుండా, సాయం అన్న గడిలో "శూన్యం. పిల్లను గోడకు తిప్పి శిక్షిస్తున్నారు" అని రాసేశాను. అంతటితో ఊరుకున్నానా? పోయి ఆ పిల్ల భుజాలు పట్టుకుని ఇటు తిప్పాను.

పిల్ల నన్ను చూసి పుస్తకం మూసేసింది.

"అయ్యో మేడం!" అంటూ టీచరమ్మ పరుగెత్తుకొచ్చింది. చిన్న వయసే, ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లో అయినట్టు లేదు. నన్ను గుమ్మం దగ్గరికి తీసుకుపోయి గొంతు తగ్గించి చెప్పింది.

"బడి తెరిచినప్పటిసంది ఈ పిల్ల ఎవ్వరితోని మాట్లాడలే మేడం. ఇంట్ల మస్తు మాట్లాడతదట. ఈడ ఎవరన్న మొకం చూస్తె గొంతు రాదు. గోడ దిక్కు తిప్పి కూసోవెడితె చదువుడు షురూ చేసింది. నిన్న నాలుగు లైన్లు చదివింది. ఇయ్యాల పేజీ మొత్తం చదువుతదేమోనని పొద్దటిసంది చూస్తున్న."

నాలుక కరుచుకున్నాను. నేను శిక్ష అని రాసింది ఆ అమ్మాయి చేసిన సాయాన్ని! ఆ కాగితం అట్లాగే పైకి పోతే ఆమెకు మెమో ఖాయం. కొట్టివేత పెద్దసారు ఒప్పుకోడు. కొత్త ఫారం అడగాలంటే పిల్ల చదవగా విన్నానని చెప్పగలగాలి. ఆ పిల్లేమో మళ్లీ గోడకు తిరిగింది కానీ నోరు విప్పడం లేదు. నా చూపు వీపుకు తగులుతోంది కాబోలు.

ఇక ఆలోచించలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఆ పిల్లకు కాస్త ఎడంగా, నేనూ గోడకు మొహం పెట్టి చతికిలబడ్డాను. నా ముక్కుకు ఎదురుగా ఏడో ఎక్కం రాసి ఉంది.

"అరేయ్, పెద్దమేడంకు గూడ శిక్ష వడ్డదిరా!" అని వెనక నుంచి ఒకడు అరిచాడు.

క్లాసు గొల్లుమంది. "శిక్ష కాదు, ఆట" అన్నాను గోడతోనే. ఆట అంటే ఆగుతారా? పిల్లలు నాలుగు గోడలూ పంచుకున్నారు. కిటికీ కింద చోటు కోసం ఇద్దరు తోసుకున్నారు. టీచరమ్మ కూడా నల్లబల్లకు మొహం పెట్టింది. ఆమె భుజాలు నవ్వుతో ఎగురుతుండడం ఓరకంట చూశాను. నాకూ నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అప్పుడు వినబడింది, సన్నగా. "మబ్బు... పట్టింది. చినుకులు... పడ్డాయి. కప్పలు... బయటికి వచ్చాయి." ఊపిరి బిగబట్టాను. నాలుగు లైన్లు దాటింది. అయిదు. ఆరు. పేజీ తిప్పిన చప్పుడైంది. లేచి గంతులెయ్యాలనిపించింది, కానీ కదిలితే ఒట్టు!

"ఏమైతుందిక్కడ?" గుమ్మంలో పెద్దసారు.

పిల్ల గొంతు ఆగిపోయింది. మేమెవరమూ తిరగలేదు. అంతా అయిపోయింది, ఇక ఈ పిల్ల నోరు విప్పదు, టీచరమ్మ కష్టమంతా నా మూలంగా గంగలో కలిసింది అనుకుంటే ఏడుపొచ్చేసింది.

"సార్, మీరు గూడ అటు తిరుగుండ్రి. ఇంకొక్క పేజీ ఉన్నది."

ఎవరా అని తల తిప్పాను. ఆ పిల్లే. గోడకు వీపు పెట్టి, పుస్తకం గుండెకు హత్తుకుని, పెద్దసారు మొహంలోకి నేరుగా చూస్తోంది.

పెద్దసారు ఒకసారి నన్నూ, ఒకసారి టీచరమ్మనూ చూశాడు. తర్వాత బుద్ధిగా చేతులు కట్టుకుని బయటికి తిరిగి నిలబడ్డాడు. నేను చేతిలోని ఫారాన్ని నాలుగు ముక్కలు చేశాను.

"చదువు బిడ్డా, వింటున్న" అన్నాడు ఆయన వరండాతో.

మేమందరం గోడలకు తిరిగి ఉన్నాం. ఆ పిల్ల ఒక్కతే మా వైపు తిరిగి, ఆ పేజీ మొత్తం చదివింది.