నిలబెట్టే క్లాసు

రాత్రంతా అవనిగడ్డ నర్సింగ్ హోములో నిలబడి, చల్లపల్లి మీదుగా బందరు బస్సులో కునుకు తీసి, తెల్లారి ఇక్కడికొచ్చింది మళ్ళీ నిలబడటానికా! రెబెకాకి ఒళ్ళు మండిపోయింది.

ప్రకాశరావు మాస్టారి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో పద్ధతే అంత. తప్పు మాట్లాడినవాళ్ళు లేచి నిలబడాలి. ఇంకొకరు తప్పు చేసేదాకా కూర్చోకూడదు. అందుకే అక్కడ ఎవరూ ఇంగ్లీషుకి నోరు విప్పరు. రెబెకా విప్పుతుంది.

నాగాయలంకలో పుట్టి, తెలుగు మీడియంలో చదివి, ఈదుకుంటూ నర్సింగు గట్టెక్కిన మనిషి. ఏళ్ళ తరబడి నైట్ డ్యూటీలే. విజయవాడ ఆసుపత్రిలో పగటి ఉద్యోగాలు పడ్డాయి. ఇంగ్లీషు మాట్లాడే నర్సులు కావాలట. ఇంటర్వ్యూకి మాస్టారు ఇద్దరి పేర్లు పంపుతారు. తన పేరు వెళ్తే, చీకటి మళ్ళీ నిద్రపోయే చోటవుతుంది.

"ఐ కేమ్ ఇన్ ద బస్," అంది ఇందాక.

"ఆన్! లేవండి రెబెకా గారూ."

"ఆన్ అంటే పైన కదండీ?"

"టాపెక్కి వచ్చారేమో మాస్టారూ," అన్నాడు సుహాస్. అందరూ నవ్వారు.

"కారైతే ఇన్, బస్సైతే ఆన్. అంతే," అన్నారు మాస్టారు.

తెలుగులో ఒక్క 'లో' చాలు. బస్సులో, వానలో, నిద్రలో. ఎవరినీ బయట నిలబెట్టని గుమ్మం అది. ఇంగ్లీషుకి ఇన్, ఆన్, ఎట్ అని మూడు గుమ్మాలు. ఏది ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. తెలియకే కదా వచ్చింది!

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఇంటర్వ్యూకి సుహాస్, కృష్ణప్రియ. నెలంతా ఒక్కసారీ నిలబడలేదు."

"ఒక్కసారీ మాట్లాడలేదండీ!" రెబెకా గొంతు కిటికీ దాటింది. "ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో మీరు విన్నారా? ఈ తమ్ముడు జోకులు కూడా తెలుగులోనే వేస్తాడు. నేర్చుకునేవాళ్ళు నిలబడాలి, నోరు మూసుకున్నవాళ్ళు విజయవాడ వెళ్ళాలి. ఇదెక్కడి న్యాయమండీ?"

సుహాస్ తలొంచుకున్నాడు. రెబెకా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"లేవండి. ఇంకా ఎవరూ తప్పు చేయలేదు."

"చేయరండీ, మాట్లాడితే కదా! నేను కూర్చునే మాట్లాడతాను."

రాత్రి వార్డు సంగతి ఇంగ్లీషులో అందుకుంది. ఆయాసంతో వచ్చిన ముసలాయన, ఆయన చెయ్యి వదలని భార్య. తడబడింది, వెనక్కొచ్చింది, మళ్ళీ నడిచింది. "ఎట్ మార్నింగ్, హీ స్లెప్ట్..."

మాస్టారి చెయ్యి లేచింది. అంతలో పక్క కుర్చీలోంచి తడి ఆకు కదిలినట్టు ఒక గొంతు.

"ఇన్ ద మార్నింగ్ కదక్కా?"

కృష్ణప్రియ! అందరూ వెనక్కి తిరిగారు.

"అవునమ్మా, ఇన్," అంది రెబెకా. అని ఆగలేదు. ముసలాయన నిద్ర లేచి కాఫీ అడిగేదాకా చెప్పింది.

మాస్టారు చెయ్యి దించారు. "పేర్లు రేపు మళ్ళీ చూద్దాం."

"చూడండి మాస్టారూ. రేపు కూడా కూర్చునే మాట్లాడతాను."