వంగని నడుము, వదులు నట్టు

మా ముత్తాత సోమల ఊరి చుట్టుపక్కల పల్లెల్లో తగాదాలు తీర్చిన మనిషి. మా తాత బావి కింద ఊళ్లో సగం కుటుంబాలు సేద్యం చేసుకునేవి. ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో ఆయన టేకు కుర్చీలో కూర్చుని చెప్పేవాడు. ఆ కుర్చీ వీపు నిటారుగా ఉండేది, మా మగవాళ్ల వీపులూ అంతే. మా నాన్న హయాంలో బావి ఎండింది, మడులు చేతులు మారాయి. కుర్చీ, నడుము నాకు మిగిలాయి. పాతికేళ్ల వయసులో మనిషికి ఉన్న ఆస్తి కంటే పోయిన ఆస్తి మీదే మమకారం ఎక్కువ. ఆ మమకారంతోనే మదనపల్లెలో ప్లంబింగ్ అంగడి తెరిచాను.

ఈ వ్యాపారం నిలబడాలంటే ఏం కావాలో నాకు బాగా తెలుసు (అనుకున్నాను). రోడ్డు వైపు అంగడి, పెద్ద బోర్డు, దాని మీద ఇంటిపేరు. పనికి ఇస్త్రీ చొక్కాలో వెళ్లేవాణ్ణి. పక్క సందులోంచి రమ్మంటే వినబడనట్టు వీధి వాకిట్లోంచే నడిచేవాణ్ణి. ఫోను మోగగానే ఎత్తడం లేకితనమని రెండోసారి మోగేదాకా ఆగేవాణ్ణి. చాలామంది రెండోసారి చేసేవారు కాదు. "పైపులన్నీ కిందనే ఉంటాయి గదప్పా, నువ్వు యాల ఆకాశం సూస్తా పోతావు?" అని మా అమ్మ అడిగేది.

అలాంటి నాకు కుప్పంలో ఒక గ్రానైటు వ్యాపారి తన కొత్త ఇంటి పని మొత్తం అప్పగించాడు. ఇది బాగా కుదిరితే తాను కట్టబోయే కల్యాణమండపం పనీ నాదే అన్నాడు. అది దక్కకపోతే నా బోర్డు దించుకోవడమే. పని శ్రద్ధగానే చేశాను, వంటింటి సింకు కింద తప్ప. అక్కడ కొళాయి పైపు నట్టు బిగించాలంటే నేల మీద వెల్లకిలా పడుకుని తల లోపల పెట్టాలి. పక్కన పెయింటర్లు చూస్తున్నారు. నేను పీట మీద నిటారుగా కూర్చుని, చేతిని మాత్రం లోపలికి పంపి, వేళ్లకు అందినంత బిగించాను.

గృహప్రవేశం నాడు మేస్త్రీకి, వడ్రంగికి, ప్లంబరుకు పంచె, తాంబూలం ఇస్తారు. మా ఇంట్లో ఇచ్చినవాళ్లే గాని పుచ్చుకున్నవాళ్లు లేరు కాబట్టి, పట్టంచు పంచె కట్టుకుని చుట్టాల వరసలో కూర్చున్నాను. పల్లె నుంచి అప్పుడే దిగిన ఇంటాయన తల్లి నా ఊరూ పేరూ అడిగి, చేతులు రెండూ పట్టుకుంది. మా తాత బావి కిందే వాళ్ల మడి ఉండేదట. పెద్దింటి చెయ్యి మంచిదని, కొత్త ఇంట్లో మొదటి కొళాయి నేనే తిప్పాలని వంటింట్లోకి తీసుకుపోయింది. నేనే ప్లంబరునని చెప్పడానికి అది సమయం కాదనిపించింది.

వంటింట్లో ఇటుకల పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. మిద్దె మీద ఎవరో ట్యాంకు వాల్వు తెరిచారు. నేను పెద్దరికంగా కొళాయి తిప్పాను. అది కాస్త దగ్గి ఊరుకుంది. నీళ్లు సింకు కింద నుంచి వచ్చాయి, నేరుగా పొయ్యి వైపు.

"పాలు పొంగకముందే పొయ్యి ఆరిపోతాదే! యాడుండాడా ప్లంబరు? వాని చేతులిరగ," అంది అవ్వ. ఆడవాళ్లంతా అందుకున్నారు. నేనూ అవునవునన్నట్టు తల ఊపానని ఒప్పుకోవాలి. ఇంతలో ఇంటాయన గుమ్మంలోకి వచ్చి నా వైపు చూశాడు. నీళ్లు మొదటి ఇటుకను తాకాయి.

పట్టంచు పంచెతోనే వెల్లకిలా పడుకుని సింకు కిందికి దూరాను. ముఖం మీద ధార పడుతుంటే నట్టు తిప్పాను. అది ఎంత సులభంగా బిగిసిందో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. బయట పాలు పొంగిన కేరింతలు వినిపించాయి.

నీళ్లు కారుతూ బయటికి వస్తే అవ్వ తన కొంగుతో నా తల తుడిచింది. "మీ తాతా నీళ్లు వదిలినోడే నాయనా. ఆయన సేన్లోకి వదిల్నాడు, నువ్వు వంటింట్లోకి వదిల్నావు," అంది. ఇంటాయన నవ్వు ఆపుకోలేదు. "మండపంలో సింకులు శానా ఉంటాయప్పా. ఇట్ల పండుకోని చేస్తానంటే రా," అన్నాడు. పంచె, తాంబూలం రెండు చేతులా పుచ్చుకున్నాను. తడిసిన పంచె మార్చుకోవడానికి ఎలాగూ వేరే దారి లేదు.

ఇప్పుడు ఫోను మొదటి మోతకే ఎత్తుతాను. సందు ఎటుందో నేనే అడుగుతాను. ఇన్నేళ్లు సింకుల కింద దూరి దూరి నడుము పట్టేసింది, ఇక వంగొద్దని డాక్టరు చెప్పాడు. మా వంశం వీపు ఇన్నాళ్లకు మళ్లీ నిటారుగా నిలబడింది. కూర్చోవడానికి కుర్చీ మాత్రం లేదు. మండపం పనికి డ్రిల్లింగ్ మిషను కావలసి, ఆ కుర్చీని అప్పుడే పుంగనూరులో అమ్మేశాను.