గుర్రుమనడం నేర్పిన మెల్లక్క

మెల్లక్క అన్న పేరు విని కొత్తవాళ్లు ఆమెకు మెల్లకన్ను ఉందేమోనని ముఖంలోకి తేరిపార చూసేవారు. కళ్లు సరిగ్గానే ఉండేవి. కుక్కను పట్టుకుని వచ్చిన ప్రతి మనిషికీ ఆమె మొదట చెప్పే మాట "మెల్లగా" అని. గేటు మెల్లగా తీయండి, మెల్లగా కూర్చోండి, మెల్లగా మాట్లాడండి. చివరికి ఆ మాటే ఆమెకు పేరైపోయింది. సొంత తమ్ముడు కూడా నలుగురిలో ఉన్నప్పుడు అలాగే పిలిచేవాడు.

భయస్తు కుక్కలకు ధైర్యం నేర్పడం ఆమె పని. అంతకుముందు పశువుల ఆసుపత్రిలో నేల తుడిచేది. బల్ల మీదికి ఎక్కించగానే వణికిపోయి ఉచ్చ పోసుకునే కుక్కలు కనిపిస్తే, చేతిలో పని పక్కన పెట్టి, వాటికి కాస్త దూరంలో నేల మీద కూర్చునేది. వాటి వైపు చూసేది కాదు, పిలిచేది కాదు. కాసేపటికి అవే వచ్చి ఆమె బట్టలు వాసన చూసేవి. అది గమనించిన డాక్టరమ్మ ఆమెను శిక్షణకు పంపింది. చదువు పూర్తయి వచ్చాక, "ఇక చీపురు పట్టకు, ఈ పనే చూసుకో" అంది.

గోడౌన్ల వెనక వీధిలో రెండు గదుల ఇల్లు, వెనక రేకుల షెడ్డు, చుట్టూ ఎత్తయిన కంచె. షెడ్డులో నేలంతా రబ్బరు పట్టాలు పరిచింది. బెదిరిన కుక్కకు కాళ్లు జారాయంటే భయం రెట్టింపవుతుందని ఆమెకు తెలుసు. ఆమె పద్ధతి చూడటానికి వచ్చినవాళ్లకు విసుగు పుట్టేది. సర్కస్ లాంటిదేదో ఉంటుందనుకుని వస్తే, కుక్కకు వీపు తిప్పి కూర్చున్న ఒక మనిషి కనిపించేది. మాంసం ముక్కలను తన వైపు కాకుండా, కుక్కకు అవతలి వైపు విసిరేది.

"ముక్క ఆశ చూపించి పిలిస్తే ఆకలి కొద్దీ వస్తుంది. వచ్చాక మన చెయ్యి చూసి హడలిపోతుంది. పారిపోవడానికి దారి ఉందని తెలిస్తేనే మనసారా దగ్గరికొస్తుంది" అనేది.

ఒక యజమాని ఇదంతా చూసి, "ఇదేనా శిక్షణంటే? మా మామగారు రోజంతా చేసేది ఇదే" అన్నాడు.

"ఆయన దగ్గరికి కుక్కలు వస్తాయా?"

అతను ఆలోచించి, "వస్తాయి" అన్నాడు.

అలా నవ్వుకునే రోజులు ఆమెకు చాలానే ఉండేవి, మూలోడు వచ్చేదాకా.

మూలోడిని డాక్టరమ్మే తీసుకొచ్చింది. బూడిద రంగు, బలమైన దవడ, ఒక చెవి కొస తెగిపోయి ఉంది. మూతపడిన కార్ఖానాలో కాపలాకని పెంచారట. షట్టరు చప్పుడైతే చాలు, వెళ్లి దాక్కునేదట. పౌరుషం రావాలని గొలుసుతో కొట్టేవారు. గుర్రుమంటే, యజమాని మీదే నోరు లేపిందని ఇంకా కొట్టేవారు. ఒకరోజు అన్నం పెట్టడానికి వంగిన మనిషి ముంజేతిని కిమ్మనకుండా పట్టేసింది. చంపెయ్యమని ఆసుపత్రిలో వదిలి వెళ్లిపోయారు.

"చంపడానికి నాకు చేతులు రాలేదు" అంది డాక్టరమ్మ. "కొన్నాళ్లు నీ దగ్గర ఉంచుకో. బాగుపడతాడని మాత్రం మాటివ్వలేను."

షెడ్డులోకి వదలగానే వెళ్లి మూలన నక్కి, ముక్కు గోడకు ఆనించి నిలబడ్డాడు. ఎప్పుడు చూసినా అక్కడే. అందుకే మూలోడయ్యాడు.

మెల్లక్కకు అన్నిటికన్నా దిగులు పుట్టించింది వాడి మౌనం. కుక్క గుర్రుమంటే అందరూ అది మీదికి రావడమే అనుకుంటారు. ఆమె దృష్టిలో అది "ఆగు" అనే మాట. ఆ మాటను ఈ కుక్క చేత కొట్టి కొట్టి మాన్పించారు. భయం పోలేదు, పళ్లలోకి దిగింది. అందుకని ఆమె ఆ మాటకు బదులు మిగతా గుర్తులు వెతికింది. నిద్ర రాకుండానే ఆవలించడం, ఏమీ తినకుండానే మూతి నాక్కోవడం, తల కాకుండా కళ్లు మాత్రమే పక్కకు తిప్పడం. వీటిలో ఏది కనిపించినా అక్కడికక్కడే ఆగి ఒక అడుగు వెనక్కి వేసేది. నువ్వు వద్దంటే నేను ఆగుతానని వాడికి పదే పదే చూపించింది.

చాలా వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం నీళ్ల గిన్నె తీయబోతుంటే వాడి గొంతులోంచి సన్నగా ఒక శబ్దం వచ్చింది. గిన్నె అక్కడే వదిలేసి వెనక్కి వచ్చింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"మూలోడు గుర్రుమన్నాడండీ."

"ఎవరి మీద?"

"నా మీదే."

"కుక్క తన మీద గుర్రుమంటే పొంగిపోయే మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను" అంది డాక్టరమ్మ.

ఆ తర్వాత వాడు త్వరత్వరగా నేర్చుకున్నాడు. మూల వదిలి షెడ్డు మధ్యకు వచ్చాడు. ఆమె అరచెయ్యి చాచి "గడ్డం" అంటే వచ్చి గడ్డం అందులో ఆనించేవాడు. గడ్డం చేతిలో ఉన్నంతసేపూ ఆమె చెవులు తుడిచేది, గోళ్లు కత్తిరించేది. గడ్డం ఎత్తాడా, చేస్తున్న పని ఆపేసేది. ఇనుప చప్పుళ్లు మాత్రం వాడికి పడలేదు. పళ్లేనికి గుడ్డ చుట్టి కంచె అవతల నుంచి మెల్లగా తట్టినా కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు.

తమ్ముడు సెలవు రోజుల్లో వచ్చేవాడు. అతను మంగలి. నాలుగు వీధుల కూడలిలో సొంత దుకాణం. కత్తెర చేతిలో ఉంటే అతనికి కబుర్లు వాటంతటవే ఊరేవి. బడికెళ్లే కూతురు జ్వరంతో పోయాక ఆ కబుర్లు ఎండిపోయాయి. భార్య పగలంతా రొట్టెల బట్టీలో పనిచేసి వచ్చేది. ఇంట్లో ఇద్దరూ ఒకరి కంట ఒకరు పడకుండా తిరిగేవారు. ఒక సెలవు రోజున అతను షెడ్డు గుమ్మంలో కూర్చుని ఉంటే మూలోడు వచ్చి అతని బూటు మీద తల పెట్టి పడుకున్నాడు. తమ్ముడు నవ్వాడు. కూతురు పోయాక తమ్ముడు నవ్వడం మెల్లక్క చూడటం అదే మొదలు.

"అక్కా, వీణ్ణి నాకిచ్చెయ్. ఇంట్లో ఏదో ఒక అలికిడి ఉంటుంది."

డాక్టరమ్మ ససేమిరా అంది. "ఇంకా కాదు. మీ తమ్ముడికి కావలసింది తోడు. మూలోడికి కావలసింది కనిపెట్టుకుని ఉండే మనిషి. రెండూ ఒకటి కాదు, నీకు నేను చెప్పాలా?"

చెప్పనక్కర్లేదు, ఆమెకూ తెలుసు. ఇంకొకరెవరైనా అడిగి ఉంటే నిర్మొహమాటంగా కుదరదనేది. కానీ తమ్ముడి నవ్వు ఆమె కళ్లలోంచి పోలేదు. మూలోడి పరుపు, గిన్నెలు మోసుకుని తనే దింపి వచ్చింది. వాడున్న గది తలుపు మూయొద్దు, మూలకు తోసెయ్యొద్దు, మెడపట్టీ పట్టుకుని లాగొద్దు, పనివాళ్లు వస్తే ముందే నా దగ్గరకు తెచ్చెయ్యి అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. తమ్ముడు అన్నిటికీ తలూపాడు. కొంతకాలం అన్నీ పాటించాడు కూడా. మరదలు మొదట ముఖం ముడుచుకున్నా, తర్వాత బట్టీ నుంచి మాడిన అంచులు తెచ్చి వాడికి వేసేది. సాయంత్రాలు ముగ్గురూ కలిసి నడకకు వెళ్లేవారు.

వానలకు వాళ్ల వంటగది కప్పు కారడం మొదలైంది. రేపొస్తానన్న మేస్త్రీ, పక్కింటి పని త్వరగా అయిపోయిందని చెప్పాపెట్టకుండా ఆ రోజే వచ్చాడు. ఇనుప నిచ్చెన గుమ్మానికి తగిలి పెద్ద చప్పుడైంది. మూలోడు వెళ్లి బీరువా వెనక దూరాడు. మేస్త్రీ కుక్కను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "దాన్ని బయట కట్టెయ్యండి, అప్పటిదాకా నేను లోపలికి రాను" అన్నాడు. తమ్ముడు మొహమాటపడ్డాడు. బీరువా పక్కన వంగి మెడపట్టీ పట్టుకున్నాడు.

మూలోడు అతని కుడిచెయ్యి పట్టేసి వదల్లేదు. మేస్త్రీ నిచ్చెన కింద పడేశాడు, ఆ చప్పుడుకు పట్టు ఇంకా బిగిసింది.

ఆపరేషన్ చేశారు. వేళ్లు మిగిలాయి కానీ రెండు వేళ్లు వంగవు, బొటనవేలికి స్పర్శ లేదు. ఆసుపత్రి వరండాలో మరదలు మెల్లక్కను చూసి పక్కకు తిరిగింది. తర్వాత తనే దగ్గరకు వచ్చింది.

"మీ కుక్కకు ధైర్యం వచ్చింది వదినా. మీ తమ్ముడికి పోయింది. ఆ చేత్తో ఇక కత్తెర పట్టలేడట."



నగరపాలక సంస్థ వాళ్లు మూలోణ్ణి కొన్నాళ్లు బోనులో ఉంచారు. కరవడం ఇది రెండోసారి గనక బతకనివ్వకూడదని తేల్చారు. తనే ఉంచుకుంటానని, గేటు దాటనివ్వనని ఆమె ప్రాధేయపడింది. ఆమె ఇంటికి రోజూ ఎవరో ఒకరు వస్తూ పోతూ ఉంటారని వాళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల మాటలోనూ తప్పులేదని డాక్టరమ్మ అంది. ఆ పని బోనులో వద్దు, షెడ్డులో జరగనివ్వండని మాత్రం డాక్టరమ్మే అడిగి ఒప్పించింది.

మూలోడు బోనులో మళ్లీ గోడకు ముక్కు ఆనించాడట. షెడ్డులోకి రాగానే రబ్బరు పట్టాలన్నీ వాసన చూసి, ఒళ్లు దులుపుకుని, ఆమె ఎదుట కూర్చున్నాడు. ఉడికించిన మాంసం పెట్టింది. తిన్నాడు. డాక్టరమ్మ మోకాళ్ల మీద కూర్చుని చిన్న మిషనుతో ముందుకాలి బొచ్చు తీయడానికి సిద్ధమైంది.

మెల్లక్క చెయ్యి చాచి, "గడ్డం" అంది.

వచ్చి ఆనించాడు. మిషను రొద పెట్టినా ఎత్తలేదు. సూది దిగినా ఎత్తలేదు. గడ్డం ఎత్తితే ఆపుతానని వాడికిచ్చిన మాట గుర్తొచ్చి, ఎత్తితే ఏం చెయ్యాలా అని ఆమె చెయ్యి కదపకుండా వాడి గడ్డం వైపే చూసింది. వాడు ఎత్తలేదు. ఆ తల బరువు కొద్దికొద్దిగా ఆమె చేతిలోకి దిగింది.

"ఇంత నిశ్చలంగా కూర్చున్న కుక్కను నేను చూడలేదు" అంది డాక్టరమ్మ. అన్నాక ఎందుకన్నానా అని తల దించుకుంది.

ఆ వారమే మెల్లక్క తన దగ్గరున్న కుక్కలన్నిటినీ ఇతర శిక్షకులకు అప్పగించేసింది. ఫోన్ ఎత్తడం మానేసింది. డాక్టరమ్మ వచ్చి గేటు దగ్గర నిలబడి, చేసేదిలేక వెళ్లిపోయేది.

తమ్ముడు ఇంట్లోంచి బయటికి రావడం లేదని పక్కవీధి వాళ్ల ద్వారా తెలిసింది. కట్టు విప్పిన రోజు వీధిలో ఏదో కుక్క మొరిగితే నడిరోడ్డు మీద నిలుచుండిపోయాడట. ఎవరో చెయ్యిపట్టి ఇంటికి చేర్చారు. ఆ తర్వాత గడప దాటలేదు. దుకాణం మూతపడింది.

ఆమె వెళ్లింది. మరదలు తలుపు తీసి, చూసి, వేసేసింది. మర్నాడూ అంతే. మెల్లక్క మెట్ల మీద కాసేపు కూర్చుని వచ్చేసేది. అలా ఎన్నాళ్లో వెళ్లాక ఒకరోజు మరదలు తలుపు వెయ్యకుండా లోపలికి వెళ్లిపోయింది.

తమ్ముడు వెనక గదిలో, కిటికీకి దూరంగా ఉన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎలా ఉన్నావని ఆమె అడగలేదు. పక్కకు తిరిగి నేల మీద కూర్చుని, దుకాణం నుంచి తెచ్చి పడేసిన తువ్వాళ్లు మడత పెట్టింది. అయిపోతే విప్పి మళ్లీ మడిచింది. రోజూ అదే. చివరికి ఒక సాయంత్రం అతనే నోరు విప్పాడు.

"గుర్రుమన్నాడక్కా."

ఆమె చేతులు ఆగాయి.

"స్పష్టంగా విన్నాను. నువ్వు చెప్పిందంతా గుర్తుంది. మేస్త్రీ ముందు నా కుక్క నా మాట వినదని అనిపించుకోవడం ఇష్టంలేక పట్టుకున్నాను."

"నేను వాణ్ణి ఇవ్వకుండా ఉండాల్సింది."

"నేనడిగాను కదా."

"అడిగితే మాత్రం."

ఆమె చేతిలోని తువ్వాలు మళ్లీ మడిచింది. వంటింట్లో మరదలు కుళాయి కట్టేసి వింటోందని ఇద్దరికీ తెలుసు.

తర్వాత గడప దాకా, గేటు దాకా, వీధి మలుపు దాకా నడిచారు. ఎప్పుడు వెనక్కి తిరగాలో అతనే చెప్పేవాడు, ఆమె ఎందుకని అడిగేది కాదు. ఒకసారి ఎవరిదో పెంపుడు కుక్క ఎదురొచ్చింది. అతని ప్యాంటు తడిసింది. మళ్లీ చాలాకాలం తలుపు దాటలేదు. ఆమె మళ్లీ తువ్వాళ్లు మడిచింది.

దుకాణం ఇప్పుడు వేరే మంగలి నడుపుతున్నాడు. తమ్ముడు అక్కడే తలలు రుద్దుతాడు, నురుగు రాస్తాడు. వాటికి వేళ్లు వంగకపోయినా ఫరవాలేదు. కబుర్లు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. పాత ఖాతాదారులు అతని చెయ్యి వైపు చూడకుండా అద్దంలోకి చూస్తూ కూర్చుంటారు.

మెల్లక్క రెండేళ్ల తర్వాత మళ్లీ కుక్కలను తీసుకుంది. ఏది ఎవరింటికి వెళ్లాలన్నది మాత్రం ఇప్పుడు డాక్టరమ్మే తేలుస్తుంది. తమ్ముడి ఇంటికి వెళ్లేముందు స్నానం చేసి, షెడ్డుకు తగలని బట్టలు కట్టుకుంటుంది. అతను ఆమె గేటు దాకా కూడా రాడు. రమ్మని ఆమె అనదు.

మొన్నీమధ్య టీ తాగుతూ ఉన్నట్టుండి అడిగాడు. "ఇప్పుడు నీ దగ్గరున్నది ఎలాంటిది?"

"ఆడకుక్క. చిన్నదే. గొడుగు చూస్తే భయం. చెప్పనా?"

"చెప్పు. ఎదటికి మాత్రం తేకు."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మరదలు తన గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. తమ్ముడు చెడిన చేతిని బాగున్న చేత్తో పట్టుకుని చివరిదాకా విన్నాడు.