కాదనలేని ఊరు

అకనిసి ఫిజీలో ఓ నది ఒడ్డు ఊరికి నర్సమ్మ. జీతం చిన్నది, నోరు పెద్దది. ఎవరి ఒంటి మీద పుండు కనిపించినా ఆవిడ చీవాట్లు తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. గజ్జి ఒక్కటే ఆవిడ మాట వినలేదు. మనవరాలు లుసియానా నిద్రలేకుండా గోక్కుంటుంటే, విసనకర్ర పట్టుకుని పక్కన కూర్చుని తానూ ఏడ్చేది.

అలాంటి రోజుల్లో మెల్‌బోర్న్ నుంచి డాక్టర్ రూత్ వచ్చింది. పద్ధతిగా ముందు ఊరి పెద్దకు యంగోనా మొక్క వేళ్ల కట్ట సమర్పించి, ఆ వేళ్లు నూరి కలిపిన పానీయం ఆయన ఇస్తే చిప్పెడు తాగి, అప్పుడు సంగతి విప్పింది. ఊరంతా మాత్రలు మింగాలి. గజ్జి పోతే, దీవులన్నిటికీ ఈ మందు ఇమ్మని సర్కారును అడుగుతుంది. అవతలి ఒడ్డు ఊరికి ఈ ఏడు పైపూత మందే. రెండూళ్లనూ పోల్చి చూడాలట.

మొదటి మాత్ర అందరూ డాక్టరమ్మ ఎదుటే మింగారు. వారం తర్వాత వేసుకోవాల్సిన రెండోది ఇళ్లకు పట్టుకెళ్లారు. ఈలోగా అవతలి ఒడ్డున కాపురం చేస్తున్న చెల్లెలు విలిమైనా అకనిసి ఇంటికొచ్చింది. గజ్జితో వేళ్లు పగిలి, పాపం, చాప అల్లలేకపోతోంది.

“కెరెకెరె అక్కా, నీ మాత్ర నాకియ్యవా?”

కెరెకెరె అన్నాక ఇంకేముంది! ఆ మాట పెట్టి అడిగితే పడవైనా ఇస్తారు, పందినైనా ఇస్తారు, లేదనడం మాత్రం అక్కడ పుట్టినవాళ్లకు చేతకాదు. అకనిసి ఇచ్చేసింది. ఆవిడొక్కతేనా? అవతలి ఒడ్డున చుట్టాలు లేని ఇల్లు ఆ ఊళ్లో ఏదీ?

కొన్ని నెలలకు డాక్టరమ్మ తిరిగొచ్చేసరికి ఇంటింటా గజ్జి మళ్లీ మొదలైంది. లుసియానా మళ్లీ గోక్కుంటోంది. మందు పనిచేయలేదని రాసేసి వెళ్లిపోతానంది డాక్టరమ్మ.

అసలు సంగతి అకనిసికి తెలుసు. నిజం చెబితే ఊరి పరువు పోతుంది. చెప్పకపోతే మందే పోతుంది, దీవుల్లో పిల్లలందరికీ ఈ గోకుడే మిగులుతుంది. ఊరి పెద్దను ఒప్పించి, క్షమాపణకు ఇచ్చే తిమింగలం పన్ను రెండు చేతులా పట్టుకుని డాక్టరమ్మ ముందు కూర్చుంది.

“తప్పు మందుది కాదు తల్లీ. మేమే పంచేసుకున్నాం.”

డాక్టరమ్మ కోప్పడలేదు. అందుకే ఇవాళ్టికీ ఆవిడ పేరు తలవకుండా అకనిసి ప్రార్థన ముగించదు. పన్ను అందుకుని, రెండొడ్ల వాళ్లూ ఒక్కింటి మనుషులైతే మధ్యలో గీత గీసిన తప్పు తనదేనంది. ఈసారి ఈ రెండూళ్లనూ ఒకటిగా లెక్కేసి, దూరపు దీవిలోని ఊరితో పోల్చుకుంటానంది. తర్వాత అక్కడ చేరిన అందరికేసి తిరిగి, వంకర ఉచ్చారణతో అడిగింది.

“కెరెకెరె. రెండు మాత్రలూ నా ముందే మింగండి.”

జనం గొల్లున నవ్వారు. కాదనడం ఎలాగూ రాదు కదా! రెండూళ్లూ మింగాయి. వారం తిరిగాక అకనిసి రెండో మాత్ర కూడా డాక్టరమ్మ ముందే మింగి, నోరు తెరిచి చూపించింది.

“ఇప్పుడిక ఎవరడిగినా ఇవ్వలేను” అంది.

ఆ వానాకాలం లుసియానా హాయిగా నిద్రపోయింది. మానిన వేళ్లతో విలిమైనా అల్లిన మొదటి చాప మెల్‌బోర్న్‌కు వెళ్లింది. దాన్ని డాక్టరమ్మ అడగలేదు.