ఆఖరి పాటల మిగిలిన ముక్క

సామేలుకు డెబ్బై నిండినయి. తార్నాకల ఆయనది ఇప్పుడు జిరాక్స్ షాపు. ఎనభైలల్ల అది కేసెట్ల షాపు. యూనివర్సిటీ హాస్టల్ పోరగాళ్లకు హెవీ మెటల్ అనే ఇంగ్లీషు పాటల రికార్డులు ఖాళీ కేసెట్ల మీదికి ఎక్కించి ఇచ్చేటోడు. టేపు నిండిందంటే రికార్డింగ్ బంద్. ఎప్పుడు జూసినా ఆఖరి పాట సగంలనే తెగిపోయేది. వెనుక ఇంకో పది కేసెట్లు ఆగి ఉంటే, పూర్తిగ వినే తీరిక ఆయనకేడిది?

నిన్న ఆ సంగీతం మీదనే రీసెర్చ్ చేస్తున్న సింధూజ థీసిస్ కాపీలకు వచ్చింది. మాటల్ల ఈ సంగతి తెలిసి, ఆయన అప్పట్ల సగంల తెంపిన పాటొకటి ఫోన్‌ల పూర్తిగ వినిపించింది. డ్రమ్ములు, అరుపులు సద్దుమణిగి ఒక్క గిటారే మిగిలింది. అది గూడ ఆగిపోయింది.

"గింత లొల్లి జేసి, గిట్ల మెల్లగ అయిపోతదా బిడ్డా?" అన్నడు సామేలు. "నేను తెంపిందే నయముండె."