శనివారం మింగని మాత్రలు

ఆ గురువారం పొద్దున కొట్లో ఉల్లిగడ్డలు తూస్తుంటే చలి మొదలైంది. నా వణుకుకు తక్కెడ ఊగి, కిలో అడిగినామెకు కిలోన్నర పోయిందని మా ఆవిడ సుజాత ఇప్పటికీ అంటుంది. నాలుగు దుప్పట్లు, వాటి మీద రెండు గోనెసంచులు కప్పినా నా పళ్ళ చప్పుడు ఎర్రబోరు రోడ్డున పోయే లారీల హారన్లను మించిపోయింది.

సుజాత పోయి సమ్మక్కను పిలుచుకొచ్చింది. ఆమె మా మితానిన్. వేరేచోట ఆశా కార్యకర్త అంటారే, మా ఛత్తీస్‌గఢ్‌లో ఆ పని చేసేవాళ్ళను అలా పిలుస్తారు. నా వేలికి సూది గుచ్చి, చుక్క నెత్తురు కిట్ మీద వేసి, పావుగంట దాన్నే చూస్తూ కూర్చుంది. ఆ చుక్కకే నేను బకెట్ నెత్తురు తోడినట్టు మూలిగాను.

"ఫాల్సిపారం మలేరియా, సేటూ. మూడు రోజుల గోలీలు. ఇయ్యాలటివి నా ముంగట మింగు. రేపు, ఎల్లుండి తిన్నంక వేస్కో. ఉత్త కడుపుతోటి వద్దు."

శుక్రవారం తిన్నాక మింగాను. శబరి నదికి వరద తెప్పించేంత చెమట పట్టి జ్వరం దిగిపోయింది. మర్నాడు శనివారం. ఇరవై ఏళ్ళుగా శనివారం టీ నీళ్ళు తప్ప ఏదీ ముట్టను. తిన్నాకే వేసుకోమంది, నేను తినను, కాబట్టి వేసుకోకూడదు. వైద్యం చేసినామె మాటను ఇంత నిక్కచ్చిగా పాటించిన రోగి బస్తర్ మొత్తంలో లేడనుకున్నాను. ఆదివారమైనా వేసుకోవచ్చు. జ్వరమే లేదు కదా, దేనికి?

ఆదివారం సమ్మక్క మాత్రలు అయిపోయిన ఖాళీ పత్తా, అదే అట్ట, కోసం వచ్చింది. ఆమె తిట్లు వాళ్ళింటి భాష దోర్లిలో మొదలై, తెలుగు మీదుగా వచ్చి, హిందీలో ఆగుతాయి. ఆ భయంతో మాత్రలు కందిపప్పు డబ్బాలోకి జార్చి, ఖాళీ పత్తా ఆమె చేతిలో పెట్టాను.

"అన్నీ మింగినవా?"

"మింగిన."

ట్రీట్‌మెంట్ కార్డులో మూడో టిక్కు పెట్టుకుని వెళ్ళింది.

రెండు వారాలకు జ్వరం తిరిగొచ్చి నన్ను కొట్లోనే పడేసింది. సమ్మక్క పరుగున వచ్చింది, కానీ కిట్ లేదు. "నెలనెలా రాసిస్తనే ఉన్న. పైనుంచి వస్తయంటరు. ఎప్పుడొస్తయో వాళ్ళకే ఎరుక" అంటూ, దారిన పోయే పికప్‌ను ఆపి నన్ను ఎక్కించి, సుజాతతో పాటు తానూ ఆసుపత్రికి వచ్చింది.

డాక్టరు రిపోర్టు చూశాడు. "ప్లేట్‌లెట్స్ బాగా పడిపోయాయి. ఇంకో రోజు ఆగితే సెరిబ్రల్ అయ్యేది, మలేరియా మెదడుకు ఎక్కేది." ఆపై సమ్మక్క వైపు తిరిగాడు. "కార్డు నిండా టిక్కులున్నాయి. నీ ఎదుట మింగించావా? మీకు కార్డులు నింపడమే పనా?"

ఆమె నా వైపు చూసింది. నాకు నాలుగు భాషలొచ్చు. సెలైన్ ఎక్కుతోందన్న వంకతో కళ్ళు మూసుకున్నాను.

రెండోరోజు నిజం చెప్పాను. "ఈ మాట నిన్న ఆమె ముందు చెప్పాల్సింది" అన్నాడు డాక్టరు. అప్పటికే కార్డు మీద ఎర్ర సిరాతో 'ఫాలో-అప్ లేదు' అని రాయడం, అది బ్లాక్ ఆఫీసుకు పోవడం అయిపోయాయి.

ఇంటికొచ్చాక సమ్మక్కకు అంతా ఒప్పుకున్నాను. ఒక్క తిట్టూ తిట్టలేదు.

"ఉపాసమని ఒక్క మాట చెప్తే అయిపాయె. రెండు అరటిపండ్లు తిని మింగమంటుంటి. నన్ను అడగక నువ్వే డాక్టరువైతివి" అంది.

ఆ ఎర్ర రాత కొట్టేయించడానికి ఆఫీసు చుట్టూ తిరిగాను. ఒకసారి దరఖాస్తు హిందీలో కావాలన్నారు, ఒకసారి సాహెబ్ మీటింగ్‌లో ఉన్నారు, ఒకసారి కుర్చీయే లేదు. రాత పోలేదు. కిట్లూ సరిగ్గా రావడం లేదు. నేను మాత్రం దుక్కలా ఉన్నాను, బియ్యం బస్తాను చిటికెన వేలితో లేపుతున్నాను.

మీకు చెప్పేదొక్కటే. మితానిన్ ఇచ్చిన మాత్రలు ఆమె ఎదుటే మింగండి. మింగకపోతే మింగలేదని ఆమెతోనే చెప్పండి. చెబితే తిట్లు మీకు పడతాయి. చెప్పకపోతే ఆమెకు పడతాయి.